ఈ పెంకు ఇక్కడిదేనా?

మంచు పోగేసిన రాతిలో సముద్రపు పెంకు ఒకటి కనిపిస్తే ఎవరైనా మొట్టమొదట దాని పేరు అడుగుతారు. ఏ జీవిది, ఎన్ని కోట్ల ఏళ్ళ నాటిది అని. ఆ ప్రశ్న రెండోది కావాలన్నది నా వాదన. ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ జీవి ఇక్కడే బతికి ఇక్కడే చచ్చిందా, లేక ఎక్కడో చచ్చినదాన్ని మంచు మోసుకొచ్చి ఇక్కడ పడేసిందా? ఇది తేలనంతవరకు పేరు ఎంత కచ్చితంగా పెట్టినా ఆ రాయి చరిత్ర మనకు తెలియదు. పైగా తప్పు చరిత్ర రాసే ప్రమాదం ఉంది.

హిమానీనదం నేలను గీక్కుంటూ కదులుతుంది. దాని దారిలో ఉన్న ప్రతి రాతినీ కొంత పెరికి, కొంత పిండి చేసి, అన్నిటినీ ఒకే ముద్దగా కలిపి తీసుకెళ్తుంది. ఏరు అయితే బరువును బట్టి ఇసుకను ఒకచోట, బురదను ఒకచోట వేరు చేస్తుంది. మంచుకు ఆ తేడా లేదు. ఇంటంత బండా, పిండిలాంటి మట్టీ దాని అడుగున పక్కపక్కనే ఉంటాయి. కరిగిన చోట రెండూ ఒకే కుప్పగా పడతాయి. గోదావరి వరదలో ధవళేశ్వరం దాకా కొట్టుకొచ్చిన టేకు దుంగను చూసి డెల్టాలో టేకు అడవి ఉందని ఎవరూ అనుకోరు. మంచు కుప్పలో కనిపించిన పెంకు విషయంలోనూ అంత జాగ్రత్తే కావాలి.

ఈ చిక్కును దగ్గరగా చూడటానికి ఒమన్‌ను మించిన చోటు తక్కువ. బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్ళిన మన తెలుగువాళ్ళకు ఆ దేశం అంటే ఎండ, ఇసుక, ఎడారి రోడ్లు. మస్కట్ నుంచి దక్షిణాన అల్ వుస్తా ప్రాంతంలో, దుక్మ్ రేవుకు పడమరగా, హుక్ఫ్ అనే బోడినేల ఉంది. వేసవిలో అక్కడ నిలబడటమే కష్టం. అక్కడే వాదీ అల్ ఖ్లాతాలో, పెంకు కట్టే జంతువులు పుట్టకముందు నాటి డోలమైట్ రాతి మీద నున్నగా మెరిసే పలకలు, వాటి మీద సమాంతరంగా సాగిన గీతలు కనిపిస్తాయి. అడుగున రాళ్ళు ఇరికించుకున్న మంచు బరువుగా పాకినప్పుడు గీసిన గీతలవి. ఆ పలకల మీద పరుచుకున్న రాళ్ళగుట్టకు అల్ ఖ్లాతా ఫార్మేషన్ అని పేరు. కార్బనిఫెరస్ యుగం చివర, పెర్మియన్ యుగం మొదట్లో, అంటే సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట, ఇది గోండ్వానా మహాఖండపు మంచు వదిలి వెళ్ళిన సామాను. 1982లో బ్రాక్మన్, లెవెల్ తదితరులు ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. దక్షిణ ఒమన్‌లో ఇదే రాయి భూమి అడుగున వందల మీటర్ల మందాన పరుచుకుని, మార్ముల్ వంటి క్షేత్రాల్లో చమురును నింపుకుని ఉంది. అందుకే ఈ మంచు కథ మీద విద్యాలయాలకు ఎంత ఆసక్తో, చమురు కంపెనీలకూ అంతే అవసరం.

అదే కాలంలో మన నేల కూడా అదే ఖండంలో భాగం. ఒడిశాలోని తాల్చేరు దగ్గర బురదరాతిలో ఇరుక్కున్న పెద్ద గుండ్లను చూసి, ఇవి మంచు పని అని 1856లోనే బ్లాన్‌ఫోర్డ్ సోదరులు, థియోబాల్డ్ రాశారు. ఉష్ణదేశంలో మంచా అని అప్పట్లో చాలామందికి నమ్మకం కుదరలేదు. తర్వాత 1875లో ఫెడెన్, చంద్రపూర్ వైపు ఇరాయి దగ్గర, పెన్‌గంగ సున్నపురాయి మీద మంచు గీసిన గీతలను వర్ణించాడు. తెలంగాణ సరిహద్దుకు అది ఎంతో దూరం కాదు. సింగరేణి బొగ్గు పొరల అడుగుకు వెళ్తే తగిలేదీ ఈ తాల్చేరు రాళ్ళే. కాబట్టి అల్ ఖ్లాతా మనకు పరాయి రాయి కాదు.

మళ్ళీ పెంకు దగ్గరికి వద్దాం. మంచు రాళ్ళలో సముద్ర శిలాజాలు ఎందుకు అంత అస్పష్టంగా ఉంటాయి? నలగడం ఒక కారణం. అంతకన్నా తక్కువగా చెప్పుకునే కారణాలు ఇంకా ఉన్నాయి. చల్లటి నీళ్ళు కార్బన్ డయాక్సైడును ఎక్కువగా కరిగించుకుంటాయి, అందువల్ల సున్నపు పెంకును తేలిగ్గా తినేస్తాయి. పెంకు పోయి, దాని లోపలి అచ్చో వెలుపలి అచ్చో మాత్రమే బురదలో మిగులుతుంది. పైగా మంచు కరిగిన నీరు సముద్రంలో కలిసే చోట ఉప్పదనం పడిపోతుంది. నేటి బాల్టిక్ సముద్రం ఉత్తరపు కొసన లీటరు నీటిలో సుమారు మూడు గ్రాముల ఉప్పే ఉంటుంది. మామూలు సముద్రంలో అది 35 గ్రాములు. అలాంటి నీటిని తట్టుకునే సముద్ర జీవులు కొద్ది. ఉన్నవి కూడా చిన్నవిగా, పలచటి పెంకులతో పెరుగుతాయి. వీటన్నిటి ఫలితంగా శిలాజవేత్త చేతికి వచ్చేది సగం ముక్క, ఒక గుంట, నాలుగు గీతలు.

అచ్చు మాత్రమే మిగిలినప్పుడు చేసే పని ఒకటుంది. ఆ గుంటలో రబ్బరు పాలు పోసి ఆరనిచ్చి ఊడదీస్తే, కరిగిపోయిన పెంకు వెలుపలి రూపం మళ్ళీ చేతికొస్తుంది. దాని మీద అమ్మోనియం క్లోరైడ్ పొగ పట్టించి తెల్లగా చేసి, పక్కనుంచి వెలుతురు వేసి చూస్తే కంటికి ఆనని గీతలు లేస్తాయి. రెండు చిప్పలున్న జీవి అయితే అప్పుడు సౌష్ఠవం చూడాలి. మన చెరువుల్లో దొరికే ఆల్చిప్పల్లో కుడి చిప్ప, ఎడమ చిప్ప ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉంటాయి, కానీ ఒక్కో చిప్ప తనంతట తాను రెండు సమభాగాలు కాదు. బ్రాకియోపాడ్ అనే సముద్రజీవి దీనికి తలకిందులు. పై చిప్ప, కింది చిప్ప వేరువేరు ఆకారాల్లో ఉంటాయి, ఒక్కో చిప్పను నడిమికి కోస్తే మాత్రం రెండు సగాలూ సరిపోతాయి. ఈ ఒక్క గుర్తు తెలిస్తే సగం పొరపాట్లు తప్పుతాయి. పెర్మియన్ సముద్రాల్లో బ్రాకియోపాడ్‌లదే రాజ్యం కనుక ఒమన్‌లో ఇది ముఖ్యం కూడా.

ఇంతదాకా వచ్చాక అసలు ప్రశ్న. ఇక్కడిదా, వచ్చిందా?

ముందు చూడాల్సింది పెంకు ఉన్న చోటు. గులకరాయి లోపల ఉందా, గులకరాళ్ళను పట్టి ఉంచిన మట్టిలో ఉందా? గులకరాయి లోపలిదైతే అది మంచుకన్నా పాతది, అందులో వాదనే లేదు. హుక్ఫ్ పాత డోలమైట్లలో స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల చాపలు పొరలుపొరలుగా కట్టిన గుబురులు ఉన్నాయి. అల్ ఖ్లాతా గుండ్లలో హుక్ఫ్ డోలమైట్ ముక్కలూ ఉన్నాయి. కాబట్టి ఒక గుండులో వంపు తిరిగిన సన్నటి చారలు కనిపిస్తే అది మంచు కాలపు సముద్రానికి సాక్ష్యం కాదు, దానికన్నా ఇరవై కోట్ల ఏళ్ళకు పైగా ముందు నాటి సముద్రానికి సాక్ష్యం.

చిక్కంతా పెంకు మట్టిలో విడిగా దొరికినప్పుడే. విడిగా ఉన్నంత మాత్రాన అది ఆ మట్టిదే అని కాదు. మంచు మెత్తటి రాతిని నలిపేసి, గట్టి పెంకును మాత్రం విడిపించి వదిలేయగలదు. అప్పుడు పెంకు కడుపులో ఏముందో చూడాలి. చుట్టూ ఉన్నది బూడిదరంగు బంకమట్టి, కడుపులో ఎర్ర ఇసుక ఉంటే, అది మొదట కప్పబడింది వేరే చోట. రెండు చిప్పలూ మూతపడి కలిసే ఉన్నాయా అన్నది మరో గుర్తు. చచ్చిన కొన్నాళ్ళకే కట్టు వదిలిపోయే చిప్పలు మంచు కింద నలిగి, విడిపోకుండా రావడం చాలా అరుదు. అంచులు అరిగాయా, పెంకు మీద మంచు గీతలున్నాయా, ఒకే జాతివి పిల్లలూ పెద్దలూ కలిసి ఉన్నాయా, అన్నీ ఒకే వైపు తిరిగి బతికినప్పటి భంగిమలో ఉన్నాయా? ఇవన్నీ కొండ మీదే చూడాల్సినవి. పెంకును ఏరుకుని సంచిలో వేసుకున్నాక ఈ సాక్ష్యంలో సగానికి సగం పోతుంది. నా ఉద్దేశంలో, మంచు రాళ్ళ శిలాజాల గురించి జరిగిన తగాదాల్లో ఎక్కువ భాగం ఇలా సందర్భం పోగొట్టుకున్న నమూనాల వల్లే.

ఇలాంటి తగాదా మన ఉపఖండంలోనే ఒకటి జరిగింది. ఇప్పటి పాకిస్తాన్‌లోని ఉప్పుకొండల్లో, మంచు గుండ్ల పొరకు పైన, కొనులేరియా అనే జీవి ఉన్న గుండ్రటి రాతి ఉండలు 1880ల్లో బయటపడ్డాయి. నాలుగు పలకల గోపురంలా ఉండే ఈ కొనులేరియా ఏ కుదురుకు చెందిందో చాలాకాలం తేలలేదు. ఇప్పుడు ఎక్కువమంది జెల్లీచేపల బంధువుగా చూస్తున్నారు. అయితే అప్పట్లో దాని కులగోత్రాలకన్నా పెద్ద ప్రశ్న, ఆ ఉండలు అక్కడే జీవి చుట్టూ గట్టిపడినవా, ఎక్కడినుంచో దొర్లి వచ్చిన గులకరాళ్ళా అన్నది. దొర్లి వచ్చినవైతే అవి ఆ పొర వయసు చెప్పలేవు. అక్కడే పుట్టినవైతే భారతదేశపు మంచుకాలం వయసుకు అవి తాళంచెవి. ఒక్క జవాబు మీద ఇంత ఆధారపడి ఉంది.

మన దేశంలో ఇంకో రెండు చోట్లు చెప్పుకోవాలి. మధ్యప్రదేశ్‌లోని ఉమరియా దగ్గర 1921లో సినోర్, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని మనేంద్రగఢ్ దగ్గర హస్దో తీరంలో 1954లో ఎస్.కె. ఘోష్ తాల్చేరు కాలపు సముద్ర శిలాజాలను కనుగొన్నారు. మనేంద్రగఢ్‌లో దొరికినవాటిలో ముఖ్యమైనది యూరిడెస్మా, మందపాటి చిప్పల ఆల్చిప్ప. గోండ్వానా చల్లటి సముద్రాల గుర్తుగా దీన్ని ఆస్ట్రేలియా నుంచి దక్షిణ అమెరికా దాకా గుర్తించారు. మధ్య భారతం నడిబొడ్డుదాకా సముద్రపు పాయ చొచ్చుకొచ్చిందని ఒక చిప్ప చెప్పగలిగింది. అది అక్కడే బతికిందని రుజువయ్యాకే ఆ మాటకు విలువ వచ్చింది. మనేంద్రగఢ్‌లోని ఆ చోటును 1982లో జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు.

ఒమన్ కథ దీనికన్నా చిత్రం. అల్ ఖ్లాతా మంచు రాళ్ళలో కంటికి కనిపించే సముద్ర జీవులు లేనట్టే. వాటికి సరిగ్గా పైన, సైవాన్ దగ్గర బయటపడిన సైవాన్ ఫార్మేషన్‌లో మాత్రం బ్రాకియోపాడ్‌లు, ఆల్చిప్పలు, నత్తలు, బ్రయోజోవాలు, సముద్ర కలువల కాడలు విరివిగా ఉన్నాయి. హుక్ఫ్ ప్రాంతపు బ్రాకియోపాడ్‌లను హడ్సన్, సడ్‌బరీ 1959లోనే వర్ణించారు. తర్వాత ఇటలీకి చెందిన లూచియా అంజియోలిని ఈ రాళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసి, 2001లో పాకీసిర్టెల్లా ఒమనెన్సిస్ అనే కొత్త జీవికి పేరు పెట్టింది. మందంగా బలిసిన పెంకు దీనిది. ఒక పొర నిండా ఈ జాతే. ఇసుక కదులుతూ ఉండే, అలల తాకిడి ఎక్కువగా ఉన్న అడుగుమీద, మంచు తప్పుకోగానే ముందుగా వచ్చి స్థిరపడ్డ జీవి ఇది. ఒకే జాతి అన్ని వేల సంఖ్యలో, ఒకే పొరలో ఉండటమే అది ఎక్కడినుంచో ఏరుకొచ్చిన గుంపు కాదనడానికి బలమైన సాక్ష్యం. మంచు అలా ఏరి తేదు.

ఆ పెంకులు ఇంకో పనికీ వచ్చాయి. బ్రాకియోపాడ్ పెంకులోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి, అది పెరిగిన నీటి వేడిని బట్టి, నీటి స్వభావాన్ని బట్టి మారుతుంది. కానీ కోట్ల ఏళ్ళు భూమిలో ఉన్న పెంకు తన మొదటి రసాయనాన్ని పోగొట్టుకుని ఉండవచ్చు. అందుకని ముందు పెంకు పలచటి ముక్కను ఎలక్ట్రాన్ పుంజం కింద పెడతారు. వెలుగు చిమ్మిన భాగం సాధారణంగా తర్వాతి నీళ్ళు మార్చినది, చీకటిగా ఉన్నది చెడనిది. ఇలా జల్లెడ పట్టాకే కొలత. ఒమన్ పెంకులను ఇలా పరీక్షించి, పాత వాతావరణానికి సాక్షులుగా అవి ఎంతవరకు పనికొస్తాయో అంజియోలిని బృందం 2008లో ప్రచురించింది.

మరి పెంకులే లేని అల్ ఖ్లాతా సంగతి? అక్కడ పని సూక్ష్మదర్శినికి మారుతుంది. రాతి ముక్కను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో వేస్తారు. గాజునే కరిగించే ఆ ఆమ్లంలో ఇసుకా మట్టీ పోయి, మొక్కల సిద్ధబీజాలు, పుప్పొడి రేణువులు, నీటిలో బతికిన సూక్ష్మజీవుల గట్టి తొడుగులు మిగులుతాయి. ఎక్కువ భాగం మిల్లీమీటరులో పదో వంతుకు మించవు. మైకేల్ స్టీఫెన్‌సన్, ఓస్టర్‌లోఫ్, ఫిలాటోఫ్ 2003లో ఒమన్, సౌదీ అరేబియాల పెర్మియన్ రాళ్ళకు ఇలాంటి రేణువుల ఆధారంగానే ఆరు మండలాలు గీశారు. మంచుకాలంలో పుప్పొడి రేణువు చుట్టూ ఒకే గాలితిత్తి ఉండే రకాలు ఎక్కువ. దక్షిణ ఒమన్‌లో మంచు కరుగుతున్నప్పుడు ఏర్పడ్డ రహబ్ షేల్ అనే బురదరాతిలో అడుగునుంచి పైకి వస్తుంటే, రెండు గాలితిత్తుల రకాలు పెరుగుతాయి. చలి తగ్గుతున్న కొద్దీ అడవులు మారాయన్నమాట.

రహబ్ షేల్ పెద్ద సరస్సు అడుగున పేరిందా, సముద్రపు అడుగునా? ఇక్కడే అస్పష్టమైన శిలాజాలు పనికొస్తాయి. ఆక్రిటార్క్‌లు అని ఒక సముదాయం ఉంది. సేంద్రియ పదార్థపు చిన్న గోళాలు, కొన్నిటికి ముళ్ళు. ఏ జీవి తొడుగో కచ్చితంగా చెప్పలేని వాటన్నిటినీ 1963లో ఎవిట్ ఈ పేరు కింద చేర్చాడు. చాలావరకు ఏదో శైవలపు విశ్రాంతి దశలై ఉండవచ్చు. జీవి ఎవరో తెలియకపోయినా, ముళ్ళ ఆక్రిటార్క్‌లు పదేపదే సముద్రపు రాళ్ళలోనే కనిపిస్తాయి కనుక వాటికి సాక్ష్యపు విలువ ఉంది. రహబ్‌కు పైన, గరీఫ్ రాళ్ళ కింది భాగంలోని ఒక షేల్‌లో ఉలానిస్ఫేరిడియం ఒమనెన్సిస్ అనే ఆక్రిటార్క్ కనిపిస్తుంది. సముద్రం ఒమన్ లోపలికి ఎక్కువగా చొచ్చుకొచ్చిన ఘట్టానికి అది గుర్తు. ఎవరి తొడుగో తేలని ఒక రేణువు, సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో చెబుతోంది. దీనికి ఎదురు సాక్షి బోట్రియోకోకస్, గుంపుగా పెరిగే మంచినీటి శైవలం. రెండూ కలిసి కనిపిస్తే తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. నదీముఖం కావచ్చు, పాత రాతినుంచి వచ్చిన రేణువు కావచ్చు.

పాత రేణువుల బెడద పెంకులకన్నా ఇక్కడే ఎక్కువ. పెంకు నలిగిపోతుంది, ఈ రేణువు నలగదు. మంచు పాత బురదరాయిని పిండి చేస్తే దానిలోని కోట్ల ఏళ్ళ నాటి రేణువులు చెక్కుచెదరకుండా కొత్త బురదలో చేరతాయి. వాటిని పట్టుకోవడానికి రంగు ఒక దారి. భూమి లోతుల్లో వేడి తగిలిన కొద్దీ రేణువు పసుపునుంచి గోధుమకు, తర్వాత నలుపుకు మారుతుంది. ఒకే గాజుపలక మీద పది రేణువులు లేత పసుపుగా, రెండు ముదురు గోధుమగా ఉంటే ఆ రెండిటినీ అనుమానించాలి. అతినీలలోహిత కాంతిలో వెలిగే తీరులోనూ తేడా ఉంటుంది. ఒకే రంగువైతే జాతుల కాలం చూడాలి. ఒకే కాలంలో బతికే అవకాశం లేని రెండు జాతులు పక్కపక్కన ఉంటే, పాతదే పరాయిది.

చమురు బావి దీనికి ఇంకో చిక్కు తెస్తుంది. తవ్వకంలో బురదతో పాటు పైకి వచ్చే రాతి ముక్కల్లో, పైనున్న పొరల గోడలనుంచి రాలిపడ్డ ముక్కలూ కలుస్తాయి. మంచు పాతవాటిని కొత్తవాటిలోకి తెస్తే, బావి కొత్తవాటిని పాతవాటిలోకి దించుతుంది. గరీఫ్ ఆక్రిటార్క్ ఒకటి రాలి అల్ ఖ్లాతా నమూనాలో పడితే, మంచు కుప్ప కాస్తా సముద్రపు మంచు కుప్ప అయిపోతుంది. అందుకే ఇలాంటి నిర్ణయాలకు అడుగునుంచి కోసి తీసిన రాతి కోర్ కావాలి. రాలిన ముక్కల మీద ఆధారపడి సముద్రం ఉందనడం సరికాదు.

ఒమన్‌లో ఇంతకన్నా పాత మంచు కూడా ఉంది. ఉత్తరాన జబల్ అఖ్దర్ కొండల్లో గుబ్రా, ఫిక్ అనే రాళ్ళు భూమి దాదాపు మొత్తం గడ్డకట్టిందని భావించే క్రయోజీనియన్ కాలానివి. గుబ్రా వయసు సుమారు 71 కోట్ల ఏళ్ళు. పెంకు కట్టే జంతువులు అప్పటికి పుట్టనే లేదు. వాటిలో మొదటివైన క్లౌడినా, నమకలాథస్ ఒమన్‌లోనే, దక్షిణాన భూమి అడుగునున్న ఆరా రాళ్ళలో దొరికాయి. అవి దాదాపు 54 కోట్ల ఏళ్ళ కిందట అంతరించాయి. కనుక గుబ్రాలో ఎవరికైనా చిప్పలాంటి ఆకారం కనిపిస్తే అది ఖనిజం గీసిన బొమ్మో, గట్టిపడిన ఉండో అయి ఉంటుంది. మాంగనీసు రాతి పగుళ్ళలో నాచు కొమ్మల్లా పాకి ఎంతమందినో మోసం చేసింది.

ఇంత చేశాక కూడా కొన్నిటికి జవాబు రాదు. అప్పుడు శిలాజవేత్తలు జాతి పేరు ముందు ప్రశ్నార్థకం పెడతారు, లేదా స్థానం తెలియనివి అనే వర్గంలో ఉంచుతారు. తెలియనిదాన్ని తెలియనిదిగా, బొమ్మతో కొలతలతో, దొరికిన చోటుతో సహా ప్రచురించడం విలువైన పని. ఆక్రిటార్క్‌లన్నీ అలా నమోదైనందువల్లే ఈ రోజు ఒమన్ సముద్రపు అంచు గీయగలుగుతున్నారు. ఆధారం చాలని ముక్కకు గట్టి పేరు అంటగడితే మాత్రం అది పుస్తకాల్లో పాతుకుపోయి, తర్వాతివాళ్ళు దాన్ని పీకడానికి అంతకు పదింతలు శ్రమపడాలి.

ఒమన్‌లో ఉన్న తెలుగు పాఠకులకు ఒక విన్నపం. దుక్మ్ వైపు, సైవాన్ వైపు వెళ్ళినప్పుడు రాతిలో పెంకులాంటిది కనిపిస్తే తీసి జేబులో వేసుకోకండి. పక్కన ఒక నాణెం పెట్టి, ముందు దూరంనుంచి పొర మొత్తం కనిపించేలా, తర్వాత దగ్గరగా ఫొటో తీయండి. గులకరాయిలో ఉందో మట్టిలో ఉందో, చిప్పలు మూసి ఉన్నాయో విడిపోయాయో రాసుకోండి. ఫోనులో చోటు గుర్తు పెట్టుకుని మస్కట్‌లోని సుల్తాన్ ఖబూస్ విశ్వవిద్యాలయం భూవిజ్ఞాన విభాగానికి పంపండి. గోదావరి లోయలో తాల్చేరు రాళ్ళ మీద నడిచే మన విద్యార్థులూ ఇదే పద్ధతి పాటించాలి.